పడమటి కొస అయిదు స్తంభాలు

2023 సెప్టెంబర్ 9, శనివారం. సస్కటూన్

బేస్‌మెంట్‌లోకి రెండో అమ్మాయి వచ్చింది. ఇప్పటికే అక్కడ ఉంటున్న వాసంతి తన ల్యాబ్‌మేట్ అని చెప్పి తీసుకొచ్చింది. ఇంతకు ముందున్న చోట మూడు గదుల్లో తొమ్మిది మంది, ఒకటే బాత్రూమ్. ఈ ఏడాది ఎక్కడ చూసినా ఇదే కథ. మొన్న గుడిలో ప్రసాదానికి నిలబడ్డ వరుస పార్కింగ్ దాకా వచ్చింది. అందులో సగం మంది ఈ ఆగస్టులో విమానం దిగిన పిల్లలే. గది ఉందా ఆంటీ అని వారంలో ఏడుగురు ఫోన్ చేశారు.

కొత్తమ్మాయి పేరు రెస్తి. ఆమెతో మాటలన్నీ ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఫ్రిజ్ మీది పద్నాలుగు నియమాలూ నిలబడి చదివింది. ఇంతవరకు ఎవరూ చదవలేదు. తొమ్మిదో నియమం దగ్గర ఆగి, "బియ్యం గ్లాసుతోనే కొలవాలా? మా ఇంట్లో చేత్తోనే పోస్తాం" అంది.

"ఇక్కడ కొలవాలి" అన్నాను.

"చెప్పిన గదా రెస్తీ, అమ్మమ్మగారు పోలీస్ స్టేషన్ లెక్క నడిపిస్తరు ఇల్లు" అంది వాసంతి, నాకు వినపడేలాగానే.

ఊరు ఎక్కడ అని అడిగితే ఇండొనేషియా, సుమత్రా అంది. సుమత్రాలో ఎక్కడ అన్నాను. మర్యాదకు అడుగుతున్నాననుకుని నవ్వి, "కొండల్లో, బతుసంకర్ దగ్గర" అంది. "అపో కబా?" అన్నాను. వాళ్ల భాషలో ఎలా ఉన్నావు అని. నలభై ఏళ్ల తర్వాత నోట్లోంచి అదే వచ్చింది. ఆ పిల్ల చేతిలోని పెట్టె మెట్ల మీద పెట్టేసింది.

సెప్టెంబర్ 12, మంగళవారం

రెస్తి వచ్చింది గది కోసం ఒక్కటే కాదు. ఇంటావిడ ఒకప్పుడు పడాంగ్‌లో ఉండేది, పాత ఇళ్ల బొమ్మలు గీసేది అని వాసంతి ల్యాబ్‌లో ఏదో మాటల్లో అందట. ఈ రోజు సాయంత్రం ఒక జెరాక్స్ కాగితం తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పరిచింది. మడతలు చిరిగాయి. కింద కుడి మూల నా అక్షరాలు: షీటు 4, స్తంభాలు, స్కేలు 1:50, కొలిచి గీసినది వి. శకుంతల, 1983.

అది వాళ్ల ఇల్లు. వాళ్ల అమ్మమ్మ ఇల్లు. ముప్పై స్తంభాల రూమా గదాంగ్, అంటే వంశం మొత్తానికి ఒక పెద్దిల్లు, పైకప్పుకు నాలుగు కొమ్ములు. 2019లో పిడుగు పడి కాలిపోయిందట. మళ్లీ కట్టడానికి ఆ ఏడాదే తమ వంశం అడవిలో చెట్లు కొట్టి, దుంగల్ని బురద మడుగులో నానబెట్టారు. నాలుగేళ్లు నానితే పురుగు పట్టదు. ఇప్పుడు పైకి తీశారు. పాత మేస్త్రి ఇల్లు కాలిన ఏడాదే పోయాడు. కొత్త వడ్రంగులకు హోటళ్ల మీద కొమ్ముల కప్పు వెయ్యడమే తెలుసు. అంచేత రెస్తి మేనమామ, వాళ్లు మామక్ అంటారు, పూర్తిగా నా షీటును నమ్ముకున్నాడు. అక్టోబర్ 14న స్తంభాలకు కన్నాలు తొలిచే పని మొదలు.

"ఇక్కడ ఒక అంకె చెరిగిపోయింది అమ్మమ్మగారూ. వెడల్పు ఎంత?"

అమ్మమ్మగారు అని వాసంతి నేర్పింది.

కళ్లద్దాలు తుడిచి చూశాను. "తొమ్మిది మీటర్ల ముప్పై తొమ్మిది. నేనే కొలిచాను."

సెప్టెంబర్ 13, బుధవారం

నేనే కొలిచాను అన్నాను. కొలిచాను.

సెప్టెంబర్ 17, ఆదివారం

మంచి రోజు. భోజనాలయ్యాక రెస్తిని పక్కన కూర్చోబెట్టుకుని పడాంగ్‌లో ఉన్న రెండేళ్ల సంగతులు చెప్పాను. మా ఆయన సిమెంట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఇంజినీరు, నేను ఆర్కిటెక్చర్ చదివి ఇంట్లో కూర్చున్న మనిషిని. పాత ఇళ్లకు కొలతలు తీసేవాళ్లు కావాలంటే నేనే వెళ్లి అడిగాను. ఆదివారాలు ఆయన జీపు తీసేవారు. పరియాంగన్‌లో వరి మళ్ల మీదుగా మెట్లు మెట్లుగా దిగే ఊరు. బాతు బాతికం దగ్గర కత్తితో పొడిచినట్టు కన్నం పడ్డ బండరాయి, దానిచుట్టూ ఊరి పెద్దలు కూర్చునే రాతి పీటలు. కుబురాజోలో ఆదిత్యవర్మ శాసనం. దాంట్లో "కనకమేదినీంద్ర" అన్న మాట ఉందని చెబితే ఆయన ఆ రాతి మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు. సముద్రాలకు అవతల, ఆరున్నర శతాబ్దాల కిందటి రాయి, అర్థం అడగక్కర్లేని మాట. పగరుయుంగ్ రాజభవనం మేము వెళ్లిననాడు కొత్త చెక్క వాసన వేసింది. 2007లో పిడుగుకు అదీ కాలింది, మళ్లీ కట్టారు.

"రాజుగారి ఇల్లు అయితే గవర్నమెంట్ కట్టింది. మాది మేమే కట్టుకోవాలి" అంది రెస్తి.

"మీదంటే? అన్నదమ్ములు లేరా?" అంది వాసంతి.

"ముగ్గురు అన్నలున్నారు. కాని ఇల్లు ఆడవాళ్లది. మా అమ్మది, తర్వాత నాది. ఆడపిల్లను నేనొక్కదాన్నే. ఇల్లు లేవకపోతే మా అమ్మ వరస ఊళ్లో నిలిచే చోటు ఉండదు."

"అరె, మస్తుంది మీ దేశం! నన్ను దత్తత తీసుకో."

అందరం నవ్వాం. ధాత్రి కూడా నవ్వింది. నా కూతురు హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చాక నవ్వడం అరుదు.

తర్వాత రెస్తి ఫోన్‌లో పెళ్లి ఫోటో చూపించింది. 1983, వాళ్ల అమ్మ నుర్‌మైనీ, తల మీద కొమ్ముల బంగారు కిరీటం. ఇంటి వెనకాల, ఓరగా తీసిన ఫోటో. పెళ్లికూతురు వెనుక వెదురు తడికల గోడ.

ఆ వెనక గోడ దక్షిణానికి, ఇంటి బయటి వైపుకు ఒరిగి ఉంది. వెనక్కి.

వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తే ఫోటోలో గోడలు అలాగే కనిపిస్తాయి.

సెప్టెంబర్ 18, సోమవారం

వినాయక చవితి. పత్రి దొరకలేదు. పుదీన, కొత్తిమీర, పెరట్లో మిగిలిన బంతి ఆకులు. ఉండ్రాళ్లు ఇరవై ఒకటి.

ఫోటోలో పెళ్లికూతురు నిటారుగానే ఉంది. ద్వారబంధమూ నిటారుగానే ఉంది. లెన్సు గోడను ఒక్కదాన్నే వంచదు.

సెప్టెంబర్ 20, బుధవారం

అటక మీది ఇనప్పెట్టె దింపించాను. కొలతల పుస్తకం ఉంది. గళ్ల కాగితం, హెచ్‌బి పెన్సిలు, నా దస్తూరీ. ఇవాళ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చదివాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇంటికి స్తంభాలు ముప్పై. లోపలివి పన్నెండు నిటారు. బయటి చుట్టువి పద్దెనిమిది. గుండు కట్టిన దారం వేలాడదీసి, పైకొన నుంచి కింది మొదలు ఎంత లోపలికుందో కొలిచాను. తూర్పు కొస అయిదు: ఇరవై ఆరు సెంటీమీటర్లకు ఒకటి రెండు అటూ ఇటూ, అన్నీ తూర్పుకు ఒరుగు. ముందు వరుసలో, ఉత్తరం వైపు, రెండు: ఉత్తరానికి ఒరుగు. మొత్తం ఏడు. ఆ ఇల్లున్న నేల ఈశాన్యానికి వాలు. ఏడూ వాలు వైపే ఒరిగాయి. ఏడో దాని కింద గీత గీసి, "పునాది కుంగింది, వయసు వల్ల. డ్రాయింగులో సరిచేయాలి" అని రాశాను.

ఎనిమిదోది కొలవలేదు. ఎనిమిదోది వెనక వరుసలో ఉంది. కొలిచి ఉంటే అది దక్షిణానికి ఒరిగి ఉండేది. ఇల్లు కుంగలేదు. పైకి వెళ్లేకొద్దీ నాలుగు వైపులా విచ్చుకునేలా కట్టిన ఇల్లు. వాన గోడను తాకదు. భూమి కదిలితే ఆ ఒరుగే ఇంటిని బిగించి పట్టుకుంటుంది.

వెడల్పు నేల దగ్గర 9.12. పైన దూలం దగ్గర 9.66. రెంటినీ కలిపి సగం చేసి 9.39 వేశాను. ఆ వెడల్పు ఆ ఇంట్లో ఎక్కడా లేదు.

సెప్టెంబర్ 21, గురువారం

ఇంటి పెద్దావిడ, రెస్తి అమ్మమ్మ, నాకు చెప్పింది. గుర్తుంది. నేను దారం వేలాడదీసి తల ఆడిస్తుంటే తమలపాకు నములుతూ వచ్చి, "ఇల్లు పడిపోవడం లేదమ్మా, అలాగే నిలబడుతుంది" అంది. అవునవును అన్నాను. తన ఇంటికి వంకర ఉందని ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? విజయవాడలో మా అత్తగారు బీటలు వారిన గోడకు క్యాలెండర్లు తగిలించేది. అలాంటిదే అనుకున్నాను. ఆవిడ పరువు కాపాడుతున్నాననుకుని ఆవిడ ఇంటిని నిటారుగా గీశాను.

ఆ రోజుల్లో ఎవరైనా అలాగే చేసేవారు. శిథిల భవనాలకు సరిచేసిన డ్రాయింగు వేయడం పద్ధతే.

సెప్టెంబర్ 24, ఆదివారం

మామక్‌కు ఉత్తరం. మొదటి చిత్తు: "స్థానిక సంప్రదాయాన్ని బట్టి మేస్త్రీలు తగు మార్పులు చేసుకోవలెను." చింపేశాను. మేస్త్రీకి సంప్రదాయం తెలిస్తే నా షీటు ఎందుకు?

రెండో చిత్తు: "షీటు 4 ఆదర్శ స్థితిని సూచిస్తుంది." చింపేశాను.

మూడో చిత్తు: "నలభై ఏళ్ల నాటి డ్రాయింగులో స్వల్ప తేడాలు." యాభై నాలుగు సెంటీమీటర్లు స్వల్పమట.

ధాత్రి చిత్తు కాగితాలు చూసి, "అమ్మా, ఓల్డ్ డ్రాయింగ్ కదా, ఎర్రర్ ఉందని ఒక లైన్ ఈమెయిల్ పంపెయ్. సింపుల్. నువ్వేమన్నా హత్య చేశావా?" అంది.

దానికి తెలియదు. నిటారు స్తంభానికి కన్నం తిన్నగా తొలుస్తారు, ఒరిగే స్తంభానికి వాలుగా. తప్పు కన్నం తొలిచాక ఆ దుంగ పొయ్యిలోకే. బయటి చుట్టుకు నాలుగేళ్లు నానిన దుంగలు పద్దెనిమిది. మళ్లీ నానబెట్టే నాలుగేళ్లు వాళ్ల దగ్గర లేవు. నుర్‌మైనీకి కిడ్నీ సమస్య ఉంది, వారానికి రెండుసార్లు డయాలసిస్ అని వాసంతి చెప్పింది. రెస్తి చెప్పలేదు.

సెప్టెంబర్ 29, శుక్రవారం

ధాత్రి కూతురు అమ్ములుకు స్కూల్ ప్రాజెక్టు. పెరట్లో పది చోట్ల మట్టి ఉష్ణోగ్రత చూసి రాయాలి. వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. నాలుగు చోట్ల థర్మామీటర్ గుచ్చింది. చలేసి మెట్ల మీద కూర్చుని మిగతా ఆరూ రాసేసింది.

ఏమీ అనలేదు.

సెప్టెంబర్ 30, శనివారం

"అమ్మమ్మా, ఆర్ యూ సిక్?" అంది అమ్ములు టిఫిన్ దగ్గర.

"ఎందుకే?"

"యూ సా మీ. కిటికీలోంచి. అండ్ యూ డిడ్న్ట్ సే ఎనీథింగ్. ఇట్స్ క్రీపీ."

"మిగతా ఆరు చోట్లా గుచ్చి రా" అన్నాను. పదమూడేళ్ల పిల్ల బూట్లు వేసుకుని, హమ్మయ్య అన్నట్టు వెళ్లింది.

అది వెళ్లాక బేస్‌మెంట్ తలుపు తట్టాను. అయిదేళ్లలో అద్దె పిల్లల తలుపు నేను తట్టడం మొదటిసారి. వాసంతి భయపడిపోయి, "నేను లైట్ బంద్ చేసిన అమ్మమ్మగారూ" అంది. రెస్తితో చెప్పాలి, నువ్వూ కూర్చో అన్నాను. పుస్తకం తెరిచి ఏడు అంకెలూ చూపించాను. ఏడో దాని కింద గీత చూపించాను. సగటు చూపించాను. మీ అమ్మమ్మ నాతో అన్న మాట చెప్పాను.

రెస్తి లేచింది. టీ కప్పులు తీసుకెళ్లి కడిగింది. కడిగినవే మళ్లీ కడిగింది. తర్వాత వచ్చి, "ఇది మామక్‌కు మీరే చెప్పాలి. నేను చెబితే, చదువుకోవడానికి పోయి పెద్దవాళ్ల తప్పులు పడుతోంది అంటారు" అంది.

"నేనే చెబుతాను. కాని తప్పు అని మాత్రమే చెబితే ఆయనకు పనికిరాదు. అంకెలు ఇవ్వాలి. పద్నాలుగు రోజులుంది."

"ఏడు ఉన్నాయి" అంది రెస్తి.

"పద్దెనిమిది ఇస్తాను."

వాసంతి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. "ఇల్లేమో కాలిపాయె. ఎక్కడి నుంచి తెస్తరు?"

అక్టోబర్ 3, మంగళవారం

ఆ ఇంటికి ఆయన తీసిన నెగటివులు ముప్పై ఆరు. వాసంతి యూనివర్సిటీలో స్కాన్ చేయించుకొచ్చింది.

లోపలి హాలులో నాలుగు చోట్ల నేల వెడల్పూ, దూలం వెడల్పూ విడివిడిగా కొలిచి ఉన్నాయి. సగటు వేశానే గాని కొలిచినవి చెరపలేదు. అదొక్కటి మంచి పని చేశాను. మొదటి రెండు చోట్ల ముందు స్తంభం ఒరుగు తెలుసు. పై వెడల్పులోంచి కింది వెడల్పు తీసేసి, అందులోంచి ముందు ఒరుగు తీసేస్తే వెనకది వస్తుంది. 9.66 లోంచి 9.12 పోతే 54. ముందు 26. వెనక 28.

ఇంకొకటి 27.

అక్టోబర్ 5, గురువారం

తక్కిన రెండు చోట్లా మొత్తం తెలుసు, ముందుకెంతో వెనక్కెంతో తెలియదు. నెగటివు 22లో ముందు గోడ పక్క నుంచి పడింది. తెలిసిన రెండు స్తంభాలతో సరిపోల్చి మూడోదీ నాలుగోదీ లెక్క కట్టాను. వాసంతి కంప్యూటర్‌లో వేరేగా కట్టింది. ఆమెకు 25, నాకు 26. మళ్లీ కట్టమన్నాను. మళ్లీ 25. నాది చూసుకున్నాను. నేను కూడికలో ఒకటి ఎక్కువ వేశాను.

"చూడండి, కంప్యూటర్ గెలిచింది" అంది.

"కంప్యూటర్ కాదు, నువ్వు" అన్నాను. అరగంట దాకా గాల్లో తేలింది.

పదమూడు అయ్యాయి.

అక్టోబర్ 7, శనివారం

పడమటి కొస అయిదు స్తంభాలు. పుస్తకంలో వాటి గడులు ఖాళీ. షీటులో మాత్రం సున్నా, నిటారు. అక్కడ ఒక గది. కొత్తగా పెళ్లయిన కూతురికి ఆ కొస గది ఇస్తారు. ఆ నెలలో అది నుర్‌మైనీది. తలుపు వేసి ఉంది. కొత్త దంపతుల గది తలుపు తట్టడం మర్యాద కాదని నేను తట్టలేదు. అందుకని లోపలికి వెళ్లి కొలవలేదు.

నెగటివుల్లో పడమటి కొస లేదు. పనస చెట్టు అడ్డం.

తూర్పు కొసకు పడమటి కొస అద్దంలో ప్రతిబింబం లాంటిది. తూర్పు అంకెలు పడమటికి వేశాను. ఇది ఊహ కాదు, తెలిసినదాన్ని బట్టి తెలియనిది తేల్చే అనుమానం. తర్కశాస్త్రంలో అనుమానం ప్రమాణమే. పద్దెనిమిదీ పూర్తి. కొత్త షీటు సిరాతో గీశాను. అక్షరాలు వణకలేదు.

అక్టోబర్ 8, ఆదివారం

అనుమానం ప్రమాణమే.

అక్టోబర్ 9, సోమవారం. థాంక్స్‌గివింగ్ సెలవు

పొద్దున్న ఏడింటికి వీడియో కాల్. వాళ్లకు రాత్రి ఎనిమిది. మామక్ దాతుక్ అన్న బిరుదు ఉన్న పెద్దమనిషి, నల్ల టోపీ. నాకు గుర్తున్న మలయ్‌లో తడబడుతూ మొదలుపెట్టాను, రెస్తి అందుకుంటూ పోయింది. తప్పు చెప్పాను. మెత్తగా చెప్పలేదు. మీ ఇల్లు ఒరిగి ఉండేది, అది దాని నిలువు, నేను దాన్ని జబ్బు అనుకుని డ్రాయింగులో నయం చేశాను అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఆయన వెనకాల టార్పాలిన్ కింద దుంగలు వరసగా ఉన్నాయి. వాటి వైపు తిరిగి చూసి, "అయిదు రోజులు ముందు చెప్పారు. అయిదు రోజులు తర్వాత చెప్పలేదు" అన్నాడు. కొత్త షీటు ఒక్కో అంకే చదివి వినిపించాను. పడమటి కొస దగ్గరకు వచ్చేసరికి ఫోన్ ఒక ఆడమనిషి చేతిలోకి పోయింది. సన్నగా, పసుపు పచ్చటి ముఖం. నుర్‌మైనీ.

"మీరు నా గదిలోకి రాలేదుగా?" అంది.

"రాలేదమ్మా. కొత్త దంపతుల గది, తట్టడం మర్యాద కాదని."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే దగ్గింది, దగ్గుతూనే నవ్వింది. "తట్టలేదా? రెండుసార్లు తట్టారు! కొలవాలి, తలుపు తియ్యి అని పిలిచారు కూడా. మేమిద్దరం లోపల ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం!"

"ఇద్దరా?" అంది వాసంతి నా వెనక నుంచి.

"అప్పట్లో మా దగ్గర మొగుడు చీకటి పడ్డాక రావాలి, తెల్లవారకముందే పోవాలి. ఆ రోజు ఈ పిల్ల తండ్రి నిద్రపోయాడు. పట్టపగలు పదింటికి నా గదిలో ఉన్నాడు! తలుపు తీస్తే ఊరంతా చెప్పుకుని ఏడాది నవ్వేది."

రెస్తి ముఖం రెండు చేతుల్లో దాచుకుంది. "అమ్మా!" అని అరిచింది. మామక్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

నేనూ నవ్వాను. అప్పుడు నుర్‌మైనీ అంది: "తర్వాత మీరు తలుపు అవతల నిలబడి ఏదో రాసుకున్నారు. చెక్క గోడ కదా, పెన్సిలు చప్పుడు వినపడింది. అయిదుసార్లు. చిన్నచిన్నగా, గుండ్రంగా. మా ఆయన చెవిలో అన్నాడు, మనం లేకుండానే కొలిచేసింది చూడు అని."

అక్టోబర్ 10, మంగళవారం

తట్టాను. రెండుసార్లు తట్టాను. పిలిచాను. మర్యాద కాదు. వాన వచ్చేలా ఉంది, జీపు కింద హారన్ కొడుతోంది, విసుగొచ్చింది. షీటు మీదే అయిదు సున్నాలు వేసి మెట్లు దిగాను.

నలభై ఏళ్లుగా నాకు నేను చెప్పుకున్నది ఇంకో కథ. అంత బాగా చెప్పుకున్నాను.

అక్టోబర్ 11, బుధవారం

పొద్దున్నే బ్లేడుతో కొత్త షీటు మీది అయిదు అంకెలూ గీకేశాను. సిరా గీకితే కాగితం నూగు లేస్తుంది. వేలిగోటితో నున్నగా రుద్ది, ఒక్కో గడిలో "కొలవలేదు" అని రాశాను. తెలుగులో ఒకసారి, వాళ్ల భాషలో ఒకసారి. కింద సంతకం. స్కాన్ చేసి పంపాను.

రెస్తి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "తూర్పు అంకెలే ఉంచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. అమ్మ కూడా నవ్వేసి ఊరుకుంది."

"ఎవరికీ తెలియనిది ఒకటి చాలు" అన్నాను.

"వడ్రంగి ఏం తొలుస్తాడు మరి?"

"నాకు తెలియదు. తెలియదని రాశాను."

పిల్ల పళ్లు బిగబట్టింది. కోపం వచ్చింది. రావాలి. నేను ఆమె ఇంటి పడమటి కొసను గాల్లో వదిలేశాను.

అక్టోబర్ 12, గురువారం

మామక్ నుంచి జవాబు, ఒక్క వాక్యం: "ఖాళీ గడి మీద పైకప్పు నిలబడదు."

నిజమే.

అక్టోబర్ 13, శుక్రవారం

సాయంత్రం ఏడుకు మళ్లీ కాల్. అక్కడ శనివారం పొద్దున్న ఎనిమిది. తొలిచే రోజు వచ్చేసింది. వడ్రంగులు ఉలులు పట్టుకుని కూర్చున్నారు. పదమూడు స్తంభాలకు నా అంకెలు తీసుకున్నారు, లోపలి పన్నెండు నిటారు. అయిదు పక్కన పెట్టారు.

మామక్ అన్నాడు, "ఆపుదాం. లేదా తూర్పులాగే వేద్దాం. ఎవరో ఒకరు చెప్పండి."

"ఇల్లు ఎవరిది?" అన్నాను.

ఆయన అక్క వైపు చూశాడు. నుర్‌మైనీ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. ఇవాళ డయాలసిస్ రోజు, అది మానుకుని వచ్చింది. కాసేపు కళ్లు మూసుకుంది. "నా పెళ్లి తెరలు" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

పెళ్లికి ఆ గది గోడలకు జరీ తెరలు కుట్టించారట. ఆ గోడలకు సరిగ్గా, ఆ గదికి మాత్రమే. ఇంకో చోట కడితే మూలల్లో ముడతలు పడతాయి. కాలిపోయిన ఏడాది ఆ తెరలు పెత్తల్లి కూతురి పెళ్లికి అరువిచ్చి ఉన్నాయి. "ముడతలు పడ్డాయని ఆవిడ తిట్టుకుంది కూడా. అవి ఇంకా ఆవిడ పెట్టెలోనే ఉన్నాయి."

మోటార్‌సైకిల్ మీద మనిషిని పంపారు. ఇక్కడ మేము ఫోన్ పెట్టెయ్యకుండా కూర్చున్నాం. వాసంతి ఉప్మా చేసింది. రెస్తి ఒక్క ముద్ద తినలేదు. నలభై నిమిషాలకు ఎర్రటి బట్ట, అంచున బంగారు తీగ. చాప మీద పరిచారు. నేను వద్దన్నా వినకుండా మామక్ కొలత టేపును కెమెరా ముందుకు తెచ్చి, "చూసుకోండి" అన్నాడు.

లోపలి అడ్డగోడ నిటారు. అడ్డగోడ నుంచి పడమటి గోడ దాకా ముందు వైపు తెర. కింద వెడల్పు రెండు మీటర్ల అరవై. పైన రెండు మీటర్ల తొంభై మూడు. వెనక వైపు తెరకూ అదే తేడా. ముప్పై మూడు సెంటీమీటర్లు.

తూర్పు ఇరవై ఆరు. పడమర ముప్పై మూడు. అద్దం కాదు. "నాకోసం ఆ కొస తర్వాత పెంచారు. మా అమ్మ పరంజా మీద నిలబడి చెప్పి ఒరిగించింది" అంది నుర్‌మైనీ. నేను మొన్న తూర్పు అంకెలు ఉంచి ఉంటే ఆ తెరలు వాళ్ల సొంత గదిలోనే ముడతలు పడేవి.

రెండు మూలల మధ్య దారం కట్టి నడిమి మూడు స్తంభాల అంకెలూ తీసుకున్నారు. మామక్ అయిదూ చదివి, "రాయండి, సంతకం పెట్టండి" అన్నాడు.

"రాస్తాను. సంతకం నాది కాదు. కొలిచింది నేను కాదు."

"ఎవరిది మరి?"

ఆయన అడిగినా, జవాబు కోసం ఆగలేదు. పెన్ను తీసి అక్క చేతిలో పెట్టాడు. నుర్‌మైనీ కుర్చీ పక్కన చెక్క మీద కాగితం ఆనించి మెల్లగా పేరు రాసింది. తర్వాత తల ఎత్తి, "రెస్తీ, తిను" అంది. ఉలి మొదటి దెబ్బ ఫోన్‌లో వినపడింది. రెస్తి గిన్నె దగ్గరకు లాక్కుంది.

అక్టోబర్ 14, శనివారం

షీటు 4, సవరణ 1. పదమూడు: వి. శకుంతల, 1983, మళ్లీ లెక్క 2023. అయిదు: నుర్‌మైనీ, 2023, తెరల నుంచి. ఫైలులో పెట్టాను.

వాసంతి కాఫీ తెచ్చింది. ఆ ఏడాది మీరు గీసింది ఈ ఒక్క ఇల్లేనా అని అడిగింది.

పదకొండు.

"అన్నీ నిటారుగనే గీసిన్రా?"

అన్నీ. ఆ షీట్లు నేనెక్కడ ఇచ్చానో అక్కడే ఉండి ఉంటాయి. వాటిలో ఎన్ని ఇళ్లు కాలాయో, ఎన్ని నిలబడి ఉన్నాయో, ఎవరు ఎప్పుడు ఆ కాగితాలు తీసి వడ్రంగికి ఇస్తారో నాకు తెలియదు. స్కానర్ సోమవారం ఖాళీగా ఉంటుంది, మిగతా ఇళ్ల నెగటివులు ఇవ్వండి అంది వాసంతి.

పుస్తకంలో రెండో ఇల్లు నలభై ఒకటో పేజీలో మొదలవుతుంది. గుండుతో కొలిచిన స్తంభాలు నాలుగు. భోజనం కాగానే కూర్చోవాలి.